సందేశానికి ముందు ఒప్పందం: బిజ్‌టాక్ సర్వర్‌లో ప్రాజెక్టు, స్కీమాల రూపకల్పన



ఈనాటి పాఠంలో, రెండు సంస్థల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ముందు ఏయే విషయాలు నిర్ణయించుకోవాలో తెలుసుకుందాం. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక ఆసుపత్రి మందుల విభాగం నుంచి టోకు మందుల వ్యాపారికి ఒక ఆర్డరు వెళ్ళిందనుకోండి. అందులో పారాసెటమాల్ అన్న పేరుకు ఎదురుగా 40 అని ఉంది. నలభై అంటే ఏమిటి? నలభై మాత్రలా, నలభై స్ట్రిప్పులా, నలభై డబ్బాలా?

కాగితం మీద వచ్చిన ఆర్డరైతే అవతలి గుమాస్తా ఫోను తీసి, "ఏమండీ, నలభై అన్నారు, స్ట్రిప్పులేనా?" అని అడుగుతాడు. మనిషికి సందేహం వస్తుంది. కంప్యూటరుకు రాదు. తనకు చెప్పి ఉంచిన పద్ధతిలో అది 40ని చదివేస్తుంది. స్ట్రిప్పులు కావలసిన చోట మాత్రలు వెళ్ళాయంటే, వార్డులో రోగికి మందు అందదు. డబ్బాలు వెళ్ళాయంటే, వాడకుండానే గడువు తీరి పారబోయవలసి వస్తుంది. కంప్యూటరుకు కలగని ఆ సందేహాన్ని మనమే ముందుగా ఊహించి, జవాబు రాసి పెట్టాలి. ఆ జవాబులు రాసిపెట్టే పత్రాన్నే 'స్కీమా' అంటారు.

వ్యాపార అనుసంధానం అంటే ఏమిటి?

ఆసుపత్రిలో ఒక సాఫ్ట్‌వేర్, టోకు వ్యాపారి దగ్గర మరొకటి, బ్యాంకులో ఇంకొకటి, రవాణా సంస్థలో వేరొకటి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్కరు రాసినవి. వీటిని కలపాలంటే ప్రతి జతకూ ఒక ప్రత్యేకమైన వంతెన కట్టవచ్చు. కానీ లెక్క చూడండి. ఆరు వ్యవస్థలుంటే 15 జతలు అవుతాయి. పది వ్యవస్థలుంటే 45 జతలు. గణితంలో మీరు చదివిన సంయోగాల సూత్రమే ఇది. వ్యవస్థలు రెట్టింపైతే వంతెనలు సుమారు నాలుగు రెట్లవుతాయి.

అందువల్ల మధ్యలో ఒక కూడలి పెడతారు. ప్రతి వ్యవస్థా ఆ కూడలితో మాత్రమే మాట్లాడుతుంది. అప్పుడు పది వ్యవస్థలకు పది దారులు చాలు. ఇలాంటి కూడలిగా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లలో మైక్రోసాఫ్ట్ వారి బిజ్‌టాక్ సర్వర్ ఒకటి. దీని తొలి రూపం 2000 సంవత్సరంలో వచ్చింది. 2004 రూపంలో దీనిని డాట్‌నెట్ పునాది మీద కొత్తగా నిర్మించారు. 2020 రూపం చివరిది. దాని తర్వాత కొత్త రూపం ఉండదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయినా దీనిని పాఠానికి ఎంచుకోవడానికి కారణం ఉంది. స్కీమా అన్న భావనను కంటికి కనిపించేలా, ఒక క్రమంలో చూపించే పనిముట్టు ఇది. ఇక్కడ నేర్చుకున్నది మరే అనుసంధాన సాఫ్ట్‌వేర్‌లోనైనా పనికివస్తుంది.

ఫారమూ, స్కీమా

రైల్వే రిజర్వేషన్ ఫారం మీలో చాలామంది చూసే ఉంటారు. రైలు నంబరుకు ఒక గడి, ప్రయాణ తేదీకి ఒక గడి, ప్రయాణికుల పేర్లకు వరుసలు ఉంటాయి. ఒక ఫారంలో ఆరుగురి కంటే ఎక్కువమంది పేర్లు రాయడానికి వీల్లేదు. ఒక్కరి పేరైనా లేకుండా ఫారం ఇస్తే అర్థం లేదు. వయస్సు గడిలో అంకెలే రాయాలి.

ఇక్కడ రెండు వేర్వేరు వస్తువులున్నాయని గమనించండి. ఖాళీ ఫారం ఒకటి, మీరు నింపి ఇచ్చిన ఫారం ఒకటి. ఖాళీ ఫారం స్కీమా వంటిది. నింపిన ఫారం సందేశం వంటిది. ఫారాన్ని ఒకసారి అచ్చు వేస్తారు, లక్షల మంది నింపుతారు. అచ్చులోనే ఒక గడి తప్పిపోతే లక్షల ఫారాల్లోనూ అది తప్పిపోతుంది. ఆదిలోనే హంసపాదు అని మనవాళ్ళు అనేది ఇటువంటి దానినే.

కంప్యూటర్ల మధ్య నడిచే సందేశాలకు ఫారాలు తయారు చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఎక్స్12 ప్రమాణాల సంఘం 1979లో ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫ్యాక్ట్ ప్రమాణం 1987లో వచ్చింది. అవి క్లుప్తమైనవే గాని, మనిషి చదివి అర్థం చేసుకోవడం కష్టం. 1998 ఫిబ్రవరిలో ప్రపంచ వెబ్ కన్సార్టియం ఎక్స్ఎంఎల్ భాషను ప్రమాణంగా ప్రకటించింది. 2001 మే నెలలో ఆ భాషలోనే రాసే స్కీమా పద్ధతిని ప్రకటించింది. దీనినే ఎక్స్ఎస్‌డి అంటారు. బిజ్‌టాక్ వాడేది ఈ పద్ధతినే.

మన ఆర్డరు సందేశం ఎక్స్ఎంఎల్‌లో ఇలా ఉంటుంది:

<కొనుగోలు_ఆర్డరు>
  <ఆర్డరు_సంఖ్య>00417</ఆర్డరు_సంఖ్య>
  <తేదీ>2025-04-03</తేదీ>
  <వరుస>
    <మందు>పారాసెటమాల్ 500 మి.గ్రా.</మందు>
    <పరిమాణం>40</పరిమాణం>
    <కొలమానం>స్ట్రిప్పు</కొలమానం>
  </వరుస>
</కొనుగోలు_ఆర్డరు>

తెలుగులో ఎలా రాశారని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఎక్స్ఎంఎల్ యూనికోడ్ మీద ఆధారపడిన భాష. అందులో పేర్లు తెలుగు అక్షరాల్లోనూ పెట్టుకోవచ్చు. పేరు మధ్యలో ఖాళీ మాత్రం ఉండకూడదు. అందుకే పదాల మధ్య కింద గీత పెట్టాము. నిజమైన వ్యాపారంలో భాగస్వాములు అనేక ప్రాంతాల వారు ఉంటారు కాబట్టి ఇంగ్లీషు పేర్లే పెడతారు. మనం అర్థం కోసం తెలుగులో చూస్తున్నాము.

ప్రాజెక్టును ప్రారంభించడం

బిజ్‌టాక్ ప్రాజెక్టును విజువల్ స్టూడియోలో తయారు చేస్తారు. బిజ్‌టాక్ 2020 రూపానికి విజువల్ స్టూడియో 2019 కావాలి. బిజ్‌టాక్ డెవలపర్ పనిముట్లు కూడా అందులో చేర్చి ఉండాలి. తర్వాతి మెట్లు ఇవి.

మొదటిది: ఫైల్ మెనూలో కొత్త ప్రాజెక్టును ఎంచుకుని, బిజ్‌టాక్ వర్గంలో ఖాళీ ప్రాజెక్టును తీసుకోవాలి. ఇక్కడ విజువల్ స్టూడియో తానే ఒక పేరు సూచిస్తుంది. తొందరలో దానినే ఒప్పుకోకండి. ఈ పేరు తర్వాత చాలా దూరం ప్రయాణిస్తుంది. ఎలాగో కొద్దిసేపట్లో చూస్తాము. సంస్థ పేరు, పని పేరు, అందులో ఉన్నవి ఏమిటి, ఈ మూడూ తెలిసేలా పేరు పెట్టడం మంచిది.

రెండవది: స్కీమాలను ఒక ప్రాజెక్టులో, ఒక రూపం నుంచి మరొక రూపానికి మార్చే మ్యాపులను మరొక ప్రాజెక్టులో, పని క్రమాన్ని నడిపే ఆర్కెస్ట్రేషన్లను వేరొక ప్రాజెక్టులో ఉంచాలి. ఇవన్నీ ఒకే సొల్యూషన్ కింద ఉండవచ్చు. ఒక్కొక్క ప్రాజెక్టు ఒక్కొక్క అసెంబ్లీగా తయారవుతుంది. అన్నిటినీ ఒకే అసెంబ్లీలో కుక్కితే, మ్యాపులో ఒక గీత మార్చినందుకు స్కీమాలను కూడా తీసి మళ్ళీ పెట్టవలసి వస్తుంది. మ్యాపులు తరచూ మారతాయి. ఒప్పందం తరచూ మారకూడదు. తరచూ మారేదాన్నీ నిలకడగా ఉండవలసినదాన్నీ వేరు చేయడమే ఈ విభజనలోని సూత్రం.

మూడవది: అసెంబ్లీకి సంతకం చేయాలి. ప్రాజెక్టు ప్రాపర్టీలలో సైనింగ్ అన్న పుటలో ఒక తాళపు చెవి ఫైలును జోడించాలి. బిజ్‌టాక్ అసెంబ్లీలు గ్లోబల్ అసెంబ్లీ కాష్ అనే ఉమ్మడి నిల్వలోకి వెళతాయి. అక్కడ ఈ సంతకం లేని అసెంబ్లీకి చోటు లేదు.

నాలుగవది: డిప్లాయ్‌మెంట్ పుటలో అప్లికేషన్ పేరు, సర్వర్ పేరు, యాజమాన్య డేటాబేసు పేరు సరిచూసుకోవాలి. అప్లికేషన్ పేరు రాయకపోతే మన పని డిఫాల్ట్ అప్లికేషన్‌లోకి వెళ్ళి, ఇతరుల వాటితో కలిసిపోతుంది.

స్కీమాను నిర్మించడం

ఇప్పుడు ప్రాజెక్టు మీద మౌస్ కుడి మీట నొక్కి, కొత్త అంశం చేర్చు అన్న ఆజ్ఞ కింద స్కీమాను ఎంచుకోవాలి. స్కీమా ఎడిటర్ తెరుచుకుంటుంది. ఎడమ వైపు ఒక చెట్టు, మధ్యలో ఆ చెట్టుకు సరిపోయే ఎక్స్ఎస్‌డి పాఠం, పక్కన ప్రాపర్టీల కిటికీ కనిపిస్తాయి. చెట్టులో మొదట ఒకే ఒక వేరు కణుపు ఉంటుంది. దాని పేరును 'కొనుగోలు_ఆర్డరు' అని మార్చాలి.

చెట్టులో ముఖ్యంగా మూడు రకాల కణుపులు చేరుస్తారు. తన కింద మరికొన్ని కణుపులు ఉండేది రికార్డు. విలువను మాత్రమే పట్టి ఉంచేది ఫీల్డ్ ఎలిమెంట్. మరొక కణుపుకు విశేషణంలా అతుక్కుని ఉండేది ఫీల్డ్ ఆట్రిబ్యూట్. మన ఆర్డరులో వరుస అనేది రికార్డు. మందు, పరిమాణం, కొలమానం ఫీల్డులు.

మౌస్ పని ఇంతటితో అయిపోయింది. పది నిమిషాల్లో ఎవరైనా చేయగలరు. ఆలోచన అవసరమైనది ఇప్పుడే. ప్రతి ఫీల్డు దగ్గరా ఆగి కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఇది నిజంగా సంఖ్యేనా? ఆర్డరు సంఖ్య 00417 అని ఉంది. పేరులోనే సంఖ్య ఉంది కదా అని పూర్ణాంకం రకం ఇచ్చారనుకోండి. స్కీమా పరీక్షలో అది నెగ్గుతుంది. కానీ పూర్ణాంకంగా దాని విలువ 417 మాత్రమే. అవతలి డేటాబేసులోని సంఖ్యా వరుసలోకి వెళ్ళేసరికి ముందున్న సున్నాలు పోతాయి. ఆ తర్వాత 00417 కోసం వెతికితే ఆ ఆర్డరు దొరకదు. ఇక్కడ గుర్తుంచుకోదగిన సూత్రం ఇది: దేనినైతే మనం కూడము, తీసివేయము, గుణించమో అది అంకెలతో రాసినా సంఖ్య కాదు, పేరు. ఆర్డరు సంఖ్య, ఫోను నంబరు, మందు బ్యాచ్ నంబరు, పిన్ కోడు ఇవన్నీ పేర్లే. వీటికి స్ట్రింగ్ రకమే తగినది.

రెండవ ప్రశ్న: తేదీని ఎలా చదువుతారు? 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా వారికి మార్చి 4. ఎక్స్ఎస్‌డిలో డేట్ రకాన్ని ఎంచుకుంటే సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలోనే, 2025-04-03 అని రాయాలి. వేరుగా రాస్తే పరీక్షలో తప్పుతుంది. మరి మందు గడువు సంగతి ఏమిటి? స్ట్రిప్పు వెనుక తరచు నెల, సంవత్సరం మాత్రమే అచ్చు వేసి ఉంటాయి. డేట్ రకం ఇస్తే ఎవరో ఒకరు ఒక రోజును కల్పించి రాయాలి. ఒకరు ఒకటో తేదీ వేస్తారు, మరొకరు ముప్పయ్యో తేదీ వేస్తారు. గడువు ఒక నెల ముందుకో వెనక్కో జరిగిపోతుంది. ఎక్స్ఎస్‌డిలో సంవత్సరం, నెల మాత్రమే ఉండే ప్రత్యేకమైన రకం ఉంది. దానిలో 2026-09 అని రాయవచ్చు. మన దగ్గర లేని సమాచారాన్ని కల్పించమని స్కీమా ఎవరినీ బలవంతపెట్టకూడదు.

మూడవ ప్రశ్న: ఎంత కచ్చితత్వం కావాలి? ధరకు ఫ్లోట్ గాని, డబుల్ గాని ఇవ్వకూడదు. అవి ద్విసంఖ్యామానంలో నిల్వ ఉంటాయి. మనకు తేలికగా కనిపించే 0.1 అన్న భిన్నాన్ని ద్విసంఖ్యామానంలో అంతమయ్యేలా రాయలేము. మూడవ వంతును దశాంశాల్లో రాస్తే 0.333 అని సాగుతూనే ఉంటుంది కదా, అలాంటిదే ఇది. వేల వరుసల బిల్లులో ఆ చిన్న తేడాలు చేరి పైసలు తేడా వస్తాయి. అందుకే డబ్బుకు డెసిమల్ రకం వాడాలి.

నాలుగవ ప్రశ్న: ఎన్నిసార్లు రావచ్చు? రికార్డులకూ, ఫీల్డ్ ఎలిమెంట్లకూ మిన్ అకర్స్, మ్యాక్స్ అకర్స్ అనే రెండు ప్రాపర్టీలు ఉంటాయి. కనీసం ఎన్నిసార్లు, గరిష్ఠంగా ఎన్నిసార్లు అని వీటి అర్థం. ఏమీ రాయకపోతే రెండూ ఒకటే అని భావిస్తారు. రిజర్వేషన్ ఫారంలో ప్రయాణికుడి వరుసకు కనిష్ఠం 1, గరిష్ఠం 6. మన ఆర్డరులో వరుసకు కనిష్ఠం 1, గరిష్ఠానికి 'అన్‌బౌండెడ్', అంటే హద్దు లేదు అని రాయాలి. ఇది మరచిపోయి, ఒకే మందు ఉన్న ఆర్డరుతో పరీక్ష చేస్తే అంతా బాగానే నడుస్తుంది. రెండు మందులు ఉన్న మొదటి ఆర్డరు వచ్చిన రోజున బయటపడుతుంది.

ఐదవ ప్రశ్న: తప్పనిసరి అంటే ఏమిటి? మందు పేరు కనిష్ఠంగా ఒకసారి ఉండాలి అని రాశాము. అది చాలా? చాలదు. మందు అన్న కణుపు ఉండి, లోపల ఏమీ లేకపోయినా స్ట్రింగ్ రకానికి అది చెల్లుతుంది. గడి ఉండటం వేరు, గడి నిండి ఉండటం వేరు. కనీస పొడవు 1 అని కూడా నియమం పెట్టాలి.

ఆరవ ప్రశ్న, మనం మొదట వేసుకున్నది: 40 ఏమిటి? దీనికి జవాబుగా కొలమానం అన్న ఫీల్డును తప్పనిసరి చేశాము. అంతటితో ఆగితే ఒకరు 'స్ట్రిప్పు' అని, మరొకరు 'షీటు' అని, ఇంకొకరు 'అట్ట' అని రాస్తారు. అందువల్ల 'డిరైవ్డ్ బై' అన్న ప్రాపర్టీలో రిస్ట్రిక్షన్ ఎంచుకుని, చెల్లే విలువల పట్టిక ఇవ్వాలి: మాత్ర, స్ట్రిప్పు, డబ్బా. ఈ మూడూ తప్ప నాలుగవది రాస్తే సందేశం పరీక్షలో తప్పుతుంది.

ఇంటిపేరు, పెట్టిన పేరు

ఒక ఊళ్ళో వెంకటేశ్వర్లు అన్న పేరు గలవారు నలుగురుంటే పోస్ట్‌మ్యాన్ ఇంటిపేరు చూస్తాడు. స్కీమాలకు కూడా ఇంటిపేరు ఉంటుంది. దాని పేరు టార్గెట్ నేమ్‌స్పేస్. కొనుగోలు ఆర్డరు అన్న పేరుతో వంద సంస్థలు వంద స్కీమాలు తయారు చేయవచ్చు. వాటిని వేరు చేసేది నేమ్‌స్పేసే.

ఒక సందేశం రాగానే బిజ్‌టాక్ దాని నేమ్‌స్పేస్‌నూ, వేరు కణుపు పేరునూ చూసి, మధ్యలో హాష్ గుర్తు పెట్టి రెండింటినీ కలుపుతుంది. దీనినే సందేశ రకం అంటారు. ముందు ఇంటిపేరు, తర్వాత పెట్టిన పేరు, సరిగ్గా మన పద్ధతే. ఏ సందేశానికి ఏ స్కీమా వర్తిస్తుంది, ఏ మ్యాపు నడవాలి, ఎవరికి పంపాలి అన్నవి ఈ సందేశ రకాన్ని బట్టే తేలతాయి.

మొదట ప్రాజెక్టు పేరు దూరం ప్రయాణిస్తుందన్నాను కదా. నేమ్‌స్పేస్‌ను మనం రాయకపోతే, ప్రాజెక్టు పేరునూ స్కీమా ఫైలు పేరునూ కలిపి విజువల్ స్టూడియో తానే ఒకటి పెడుతుంది. 'ప్రాజెక్టు 1, స్కీమా 1' అన్న తాత్కాలికమైన పేర్లు ఆ విధంగా ప్రతి సందేశంలోనూ అచ్చవుతాయి, భాగస్వాములందరి ప్రోగ్రాముల్లోకీ వెళతాయి. ఆ తర్వాత మార్చాలంటే అందరూ మార్చుకోవాలి.

ఒకే నేమ్‌స్పేస్, ఒకే వేరు పేరు గల స్కీమాలు రెండు వేర్వేరు అసెంబ్లీల్లో ఉంటే, ఒక సందేశానికి ఒకటి కంటే ఎక్కువ స్కీమాలు సరిపోతున్నాయని బిజ్‌టాక్ దోషం చూపి ఆగిపోతుంది. ఏది అసలుదో దానికి తెలియదు. అందుచేత ఒక స్కీమా ఒకే చోట ఉండాలి. మిగిలిన ప్రాజెక్టులు దానిని ఉదహరించాలే గాని, నకలు చేసి పెట్టుకోకూడదు.

కవరు మీద కనిపించేవి

ఉత్తరం బట్వాడా చేసేవారు కవరు విప్పరు, పైన ఉన్న చిరునామా చూస్తారు. సందేశం లోపలి ఫీల్డులలో కొన్నింటిని ఇలా కవరు మీదికి తేవడాన్ని ప్రమోషన్ అంటారు. ఉదాహరణకు అత్యవసరమైన ఆర్డర్లను వేరే దారిలో పంపాలంటే 'అత్యవసరం' అన్న ఫీల్డును ప్రమోట్ చేయాలి. దీనికి ప్రాపర్టీ స్కీమా అనే చిన్న స్కీమా కూడా తయారవుతుంది. ప్రమోట్ చేసిన విలువ 255 అక్షరాలు దాటకూడదు. ఒకటి కంటే ఎక్కువసార్లు రాగల ఫీల్డును ప్రమోట్ చేయడం కుదరదు. కవరు మీద పది చిరునామాలు రాస్తే ఎవరికి ఇవ్వాలి? దారిని నిర్ణయించడానికి అవసరమైన వాటినే ప్రమోట్ చేయాలి. కవరు నిండా రాస్తే పని మందగిస్తుంది.

పరీక్షించడం

స్కీమా తయారయ్యాక మూడు పరీక్షలు చేయవచ్చు. ఫైలు మీద కుడి మీట నొక్కితే ఈ మూడు ఆజ్ఞలూ కనిపిస్తాయి. వాలిడేట్ స్కీమా అన్నది స్కీమాయే వ్యాకరణబద్ధంగా ఉందా అని చూస్తుంది. జనరేట్ ఇన్‌స్టెన్స్ అన్నది స్కీమాకు సరిపోయే నమూనా సందేశాన్ని తయారు చేసి ఇస్తుంది. వాలిడేట్ ఇన్‌స్టెన్స్ అన్నది మనం ఇచ్చిన సందేశం స్కీమాకు సరిపోతుందా అని చూస్తుంది.

చాలామంది సరైన సందేశం నెగ్గిందని చూసి సంతృప్తి పడతారు. తప్పు సందేశం ఓడిందా అని కూడా చూడాలి. కొలమానం లేని ఆర్డరు, వరుసలు లేని ఆర్డరు, తేదీ తిరగేసి రాసిన ఆర్డరు, పరిమాణం దగ్గర రుణ సంఖ్య ఉన్న ఆర్డరు, ఇలాంటివి పది తయారు చేసి ఒక్కొక్కటే ఇవ్వండి. ఏదైనా ఒకటి నెగ్గితే స్కీమాలో కంత ఉందన్నమాట.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. స్కీమాను సర్వర్‌లోకి చేర్చినంత మాత్రాన, వచ్చే ప్రతి సందేశాన్నీ దానితో పోల్చి చూస్తారని అనుకోకండి. బిజ్‌టాక్‌తో పాటు వచ్చే ఎక్స్ఎంఎల్ రిసీవ్ పైప్‌లైన్ సందేశ రకాన్ని గుర్తుపడుతుంది గాని, నియమాలన్నిటినీ తనంత తానుగా పరీక్షించదు. 'వాలిడేట్ డాక్యుమెంట్' అన్న అంశం మొదట 'కాదు' అనే ఉంటుంది. దానిని మనం 'అవును' అని మార్చి, ఏ స్కీమాతో పోల్చాలో చెప్పాలి. లేకపోతే వాలిడేటర్ ఉన్న సొంత పైప్‌లైన్ తయారు చేసుకోవాలి. గేటు కట్టి, కాపలాదారును పెట్టకపోతే గేటు ఉండి ప్రయోజనమేమిటి?

స్కీమా చెప్పలేనివి

1998 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారక గ్రహానికి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను పంపింది. 1999 సెప్టెంబరు 23న అది అంగారకుడికి అనుకున్న దానికంటే చాలా దగ్గరగా వెళ్ళి నాశనమైంది. దర్యాప్తులో కారణం తేలింది. నౌక చిన్న ఇంజన్లు ఇచ్చిన ప్రచోదనాన్ని లెక్కించే భూమి మీది సాఫ్ట్‌వేర్ ఒకటి ఫలితాన్ని పౌండు-సెకన్లలో రాసింది. దానిని చదివిన సాఫ్ట్‌వేర్ అవి న్యూటన్-సెకన్లు అనుకుంది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లు. అన్ని రెట్లు తేడా వచ్చింది.

దీనిలో మనం గమనించవలసినవి రెండు. రెండు సాఫ్ట్‌వేర్‌ల మధ్య ఫైలులో మెట్రిక్ ప్రమాణాలే ఉండాలని ఒప్పంద పత్రంలో ముందే రాసి ఉంది. ఒప్పందం ఉంది, దానిని పాటించారా అని సరిచూసే ఏర్పాటు లోపించింది. రెండవది, ఫైలులోని అంకెలు చూడటానికి సక్రమమైన అంకెలే. రూపాన్ని మాత్రమే చూసే ఏ పరీక్షలోనైనా అవి నెగ్గుతాయి.

స్కీమా సందేశం రూపాన్ని చూస్తుంది, నిజాన్ని చూడలేదు. 40 స్ట్రిప్పులు అని రాయవలసిన చోట 400 స్ట్రిప్పులు అని రాస్తే స్కీమా ఏమీ అనదు. కానీ కొలమానాన్ని విలువతో పాటే ప్రయాణించేలా చేయడం, పరిమితులు పెట్టడం, వాటిని గేటు దగ్గరే సరిచూడటం మన చేతిలోని పనులు. మిగిలినది మనిషి చూసుకోవాలి. ఏది యంత్రానికి అప్పగించాము, ఏది అప్పగించలేదు అన్న స్పష్టత అనుసంధాన ఇంజనీరుకు ఉండవలసిన మొదటి గుణం.

ఒప్పందం మారితే?

ఎంత ఆలోచించి రాసినా కొన్నాళ్ళకు కొత్త ఫీల్డు కావలసి వస్తుంది. కొత్త ఫీల్డును ఐచ్ఛికంగా, అంటే కనిష్ఠం 0గా చేర్చితే, పాత సందేశాలు కొత్త స్కీమాకు కూడా సరిపోతాయి. కొత్త ఫీల్డును తప్పనిసరి చేసినా, ఉన్నదాని రకం మార్చినా, అది కొత్త ఒప్పందమే. అప్పుడు కొత్త నేమ్‌స్పేస్ ఇవ్వాలి. చాలామంది నేమ్‌స్పేస్ చివర సంవత్సరమో రూపం సంఖ్యో చేర్చడం ఇందుకే. పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కన నడుస్తాయి. భాగస్వాములు వీలు చూసుకుని ఒక్కొక్కరే మారతారు.

మన దేశంలో ఒక పెద్ద ఉదాహరణ

ఇదంతా పెద్ద కంపెనీల సంగతి అనుకోకండి. మన దేశంలో జీఎస్‌టీ 2017 జూలై 1న అమలులోకి వచ్చింది. ఆ పన్ను కింద ఈ-ఇన్వాయిస్ పద్ధతి 2020 అక్టోబరు 1న మొదలైంది. మొదట 500 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల సంస్థలకే ఉండేది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వారికీ వర్తించింది. దేశంలో వేలాది రకాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఉండగా ఇది ఎలా సాధ్యమైంది? అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ కొనాలని ప్రభుత్వం అనలేదు. ఇన్వాయిస్‌కు ఒకే స్కీమాను ప్రకటించింది. ఎవరి సాఫ్ట్‌వేర్ వారిది, ఫారం మాత్రం అందరిదీ ఒకటే.

అక్కడ వాడినది జేసన్ అనే మరొక రాత పద్ధతి. కానీ ప్రశ్నలు అవే. ఉదాహరణకు జీఎస్‌టీ గుర్తింపు సంఖ్యకు 15 స్థానాలు. మొదటి రెండు రాష్ట్రం కోడు: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాత పది స్థానాలు పాన్ సంఖ్య. పేరులో సంఖ్య అని ఉన్నా అందులో అక్షరాలూ ఉన్నాయి. చివరి స్థానం మిగిలిన వాటి నుంచి లెక్క కట్టే సరిచూపు గుర్తు. ఒక అక్షరం తప్పు కొడితే అక్కడికక్కడే పట్టుబడటానికి ఈ ఏర్పాటు.

బిజ్‌టాక్ స్థానంలో మైక్రోసాఫ్ట్ సూచిస్తున్న అజూర్ లాజిక్ యాప్స్‌లోనూ ఎక్స్ఎస్‌డి స్కీమాలను వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ మారినా, జాగ్రత్తగా రాసిన ఒప్పందం కొత్త ఇంటికి తరలి వస్తుంది. అజాగ్రత్తగా రాసినదీ వస్తుంది, తన కంతలతో సహా.

పునశ్చరణ

ఈ పాఠంలో మనం తెలుసుకున్న ముఖ్యాంశాలు: స్కీమా అంటే రెండు వ్యవస్థల మధ్య రాతపూర్వకమైన ఒప్పందం. ప్రాజెక్టు పేరు, నేమ్‌స్పేస్ మొదటే ఆలోచించి పెట్టాలి. స్కీమాలను మ్యాపుల నుంచి, ఆర్కెస్ట్రేషన్ల నుంచి వేరుగా ఉంచాలి. అంకెలతో రాసినదంతా సంఖ్య కాదు. విలువతో పాటు కొలమానం ప్రయాణించాలి. తప్పు సందేశాలు ఓడిపోతున్నాయని రుజువు చేసుకున్నాకనే స్కీమా పూర్తయినట్టు.

మీరు చేయవలసిన అభ్యాసం

1. మీ కళాశాల గ్రంథాలయంలో పుస్తకం తీసుకునే చీటీకి ఒక స్కీమా చెట్టు గీయండి. ఏది రికార్డు, ఏది ఫీల్డు గుర్తించండి. ప్రతిదానికీ కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యలు రాయండి.

2. మీ హాల్ టికెట్ నంబరు సంఖ్యా, పేరా? కారణం చెప్పండి.

3. మీ స్కీమాకు సరిపోయే సందేశాలు రెండు, సరిపోని సందేశాలు ఐదు రాయండి. వాటిని మీ స్నేహితుడికి ఇచ్చి, ఏవి సరిపోవో స్కీమాను మాత్రమే చూసి కనిపెట్టమనండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కనిపెట్టగలిగితే మీ ఒప్పందం బాగా రాసినట్టే. ఏదైనా అడగవలసి వస్తే, ఆ ప్రశ్నకు జవాబు స్కీమాలో ఎక్కడ చేర్చాలో ఆలోచించండి.